పెద్ద భూతాబేళ్ళకు ఆరుబయట ఆవరణలు

నేల మీద బతికే భారీ తాబేళ్ళను ఆరుబయట పెంచడానికి గోడ, నీడ, రాత్రి గూడు, మేత నేల, నీటి గుంట కలిపి అమర్చిన స్థలాన్ని భూతాబేటి ఆవరణ అంటారు. జంతుప్రదర్శనశాలల్లోనూ, సంరక్షణ కేంద్రాల్లోనూ ఇవి ఉంటాయి. అమెరికాలో అరిజోనా, కాలిఫోర్నియా, టెక్సస్, ఫ్లోరిడా వంటి వెచ్చని రాష్ట్రాల్లో ఇళ్ళ పెరళ్ళలో కూడా కనిపిస్తాయి. పెద్ద తాబేలు తవ్వుతుంది, నెడుతుంది, ఒంటికి కావలసిన వేడిని బయటి నుంచే తెచ్చుకుంటుంది, పెంచే మనిషి కంటే ఎక్కువ కాలం బతకగలదు. ఆవరణలో ప్రతి అమరికకూ మూలం ఈ నాలుగు లక్షణాలే. గోడ గట్టిదనం ఒక్కటే తాబేలును ఆపదు. లోపల దానికి కావలసిన వేడి, చల్లదనం, మేత, దాగే చోటు దొరికినప్పుడే అది గోడ జోలికి పోకుండా ఉంటుంది.

జాతులు

ఇళ్ళలో ఎక్కువగా పెరిగే భారీ జాతి సుల్కాటా. దీని స్వస్థలం ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణంగా సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా పరుచుకున్న సహేల్ మెట్ట ప్రాంతం. దీవుల్లోని రాకాసి తాబేళ్ళను పక్కన పెడితే భూఖండాల మీద బతికే తాబేళ్ళలో ఇదే పెద్దది. గుడ్డు నుంచి వచ్చినప్పుడు నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే ఉండే పిల్ల, మగదైతే 75 సెంటీమీటర్లకు పైగా డిప్పతో 50 కిలోలు దాటి పెరగగలదు. తొడల వెనక ముళ్ళలాంటి బొడిపెలు, మెడ కింద ముందుకు పొడుచుకు వచ్చిన డిప్ప కొన దీని గుర్తులు. ఆ కొనను మగ తాబేళ్ళు పోట్లాటలో ఎదుటి దాన్ని కుమ్మి వెల్లకిలా పడేయడానికి వాడతాయి.

హిందూ మహాసముద్రంలోని అల్డబ్రా పగడపు దీవి తాబేలు, పసిఫిక్ లోని గాలాపగోస్ తాబేలు ఇంకా పెద్దవి. మగవి 250 కిలోల బరువు తూగుతాయి. గాలాపగోస్ లో కొన్ని అంతకు మించుతాయి కూడా. ఇవి బొరియలు తవ్వవు. చెట్ల నీడలో, బురద గుంటల్లో సేదతీరుతాయి. తూర్పు, దక్షిణ ఆఫ్రికాల చిరుత తాబేలు వీటన్నిటికంటే చిన్నది. అది కూడా తవ్వదు. మన ఈశాన్య రాష్ట్రాల నుంచి ఆగ్నేయాసియా దాకా కనిపించే కొండ అడవి తాబేలు చెమ్మ, నీడ కోరుకుంటుంది. ఆకులను కుప్పగా పోగుచేసి అందులో గుడ్లు పెడుతుంది. కాబట్టి అన్ని జాతులకూ పనికొచ్చే ఒకే నమూనా ఆవరణ ఉండదు. సుల్కాటాకు సరిపడే ఎండ నేల కొండ అడవి తాబేలుకు ప్రాణాంతకం కావచ్చు.

చరిత్ర

సీషెల్స్ దీవుల్లో ఇళ్ళ దగ్గర రాతి దొడ్లలో తాబేళ్ళను పెంచడం పాత అలవాటు. ఆడపిల్ల పుట్టినప్పుడు తాబేటి పిల్లను తెచ్చి పెంచి, ఆమె పెళ్ళి విందుకు కోసేవారని అక్కడ చెబుతారు. అల్డబ్రా తాబేళ్ళను కాపాడమని 1874లో చార్లెస్ డార్విన్ తదితర శాస్త్రవేత్తలు మారిషస్ గవర్నరును కోరారు. అట్లాంటిక్ లోని సెయింట్ హెలెనా దీవికి 1882లో సీషెల్స్ నుంచి వచ్చిన జొనాథన్ అనే తాబేలు అక్కడి గవర్నరు నివాసమైన ప్లాంటేషన్ హౌస్ పచ్చిక బయలులో ఉంటూ వచ్చింది. వచ్చేటప్పటికే పూర్తిగా ఎదిగి ఉండటంతో అది 1832 ప్రాంతంలో పుట్టిందని అంచనా వేశారు.

గాలాపగోస్ లో 1965లో మొదలైన సంతానోత్పత్తి కార్యక్రమం ఆవరణల నిర్మాణానికి కొత్త ప్రయోజనం తెచ్చింది. శాంతాక్రూజ్ దీవిలో చార్లెస్ డార్విన్ పరిశోధన కేంద్రం దగ్గర లావారాళ్ళ గోడలతో దొడ్లు కట్టారు. ఎస్పన్యోలా దీవిలో మిగిలిన 14 తాబేళ్ళను అక్కడికి చేర్చారు. శాన్ డియేగో జూ నుంచి వచ్చిన డియేగో అనే మగ తాబేలు వాటితో కలిసింది. వాటి సంతానం ఎదిగి దీవిలో స్థిరపడ్డాక, 2020 జూన్ లో డియేగోతో సహా ఆ పెద్ద తాబేళ్ళను తిరిగి ఎస్పన్యోలాలో వదిలారు. పింటా దీవి జాతిలో చివరిదైన లోన్సమ్ జార్జ్ 2012 జూన్ 24న చనిపోయేదాకా ఈ కేంద్రంలోనే ఉంది.

భారతదేశంలో కోల్‌కతా అలీపూర్ జూలోని అద్వైత అనే అల్డబ్రా తాబేలు 2006లో చనిపోయింది. దాని వయసు రెండున్నర శతాబ్దాలని ప్రచారంలో ఉంది. హైదరాబాదు నెహ్రూ జూ పార్కులో సుమారు 125 ఏళ్ళ గాలాపగోస్ తాబేలు 2024 మార్చిలో మరణించింది. అది 1963లో బాగ్-ఎ-ఆమ్ తోట నుంచి ఈ జూకు వచ్చింది.

స్థలం ఎంపిక

ఎదిగిన సుల్కాటా రోజంతా మేస్తూ తిరుగుతుంది. ఇరుకు చోట పెట్టిన తాబేలు గోడ వెంటే అటూ ఇటూ నడుస్తూ అక్కడి గడ్డినంతా తొక్కి బాట చేస్తుంది. స్థలం చాలడం లేదనడానికి అది తొలి సూచన. అందుకే పిల్ల అరచేతిలో ఇమిడే రోజుల్లోనే, అది ఇరవై ఏళ్ళ తర్వాత ఎంత ఉంటుందో లెక్కవేసి నేల కేటాయించాలి.

స్థలానికి తూర్పు నుంచి ఉదయపు ఎండ పడాలి. రాత్రి చల్లబడిన ఒంటిని తాబేలు ఆ ఎండలోనే వేడెక్కించుకుని మేతకు బయలుదేరుతుంది. వాన నీరు నిలవని ఎత్తైన నేల మంచిది. కొద్దిగా వాలు ఉంటే నీరు పోతుంది. తాబేలు మీదికి, కిందికి నడిచి కాళ్ళ బలం పెంచుకుంటుంది కూడా. ఇంటి పునాది, ఈత కొలను, మురుగు గొట్టాలు ఆవరణలోకి రాకూడదు. పునాది పక్క నేల సుల్కాటాకు బొరియ తవ్వడానికి అనువైన చోటు. పైన గట్టి కప్పు, కింద మెత్తటి మన్ను ఉంటాయి కదా. ఈత కొలను మరీ ప్రమాదం. సుల్కాటాకు ఈత రాదు, నీళ్ళలో పడితే మునిగిపోతుంది.

గోడ, గేటు

ఆవరణ గోడకు మొదటి నియమం, అవతలి వైపు కనిపించకూడదు. ఇనుప జాలీ కంచె అవతల పచ్చదనం కనిపిస్తే తాబేలు గంటల తరబడి దాన్ని నెడుతూనే ఉంటుంది. కాళ్ళు, డిప్ప ముందు కొన కన్నాల్లో చిక్కుకుంటాయి. కంచె వదులవుతుంది లేదా తాబేలు గాయపడుతుంది. కంచె ముందే ఉంటే, దాని లోపలి వైపు చెక్క పలకలో రేకులో కట్టి చూపును ఆపడం తేలికైన మార్గం. చూపు ఆగితే చాలా సార్లు నెట్టడమూ ఆగుతుంది.

సుల్కాటాకు ఎక్కువగా వాడేది బోలు సిమెంటు ఇటుకల గోడ. కన్నాల్లో ఇనుప చువ్వలు దించి కాంక్రీటు పోస్తే యాభై కిలోల జంతువు రోజూ నెట్టినా కదలదు. నేల పైన 60 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు ఎదిగిన సుల్కాటాకు సాధారణంగా సరిపోతుంది. చిన్న వయసు తాబేళ్ళు ఎక్కడంలో చురుకైనవి కాబట్టి వాటికి డిప్ప పొడవుకు రెట్టింపు ఎత్తు ఉండాలి. గోడ అడుగు 30 నుంచి 60 సెంటీమీటర్లు నేలలోకి దిగాలి. అంత లోతు తవ్వలేని చోట, గోడ పాదం నుంచి ఆవరణ లోపలికి దళసరి ఇనుప జాలీని నేల కింద పరిచి మట్టి కప్పుతారు. గోడ మొదట్లో తవ్వబోయిన తాబేలుకు అది అడ్డుపడుతుంది.

మూలలు బలహీనమైన చోట్లు. రెండు గోడలు కలిసే దగ్గర తాబేలు రెండు కాళ్ళనూ చెరో వైపు ఆనించి పైకి ఎగబాకగలదు. మూలలను గుండ్రంగా కట్టడం, లేదా పైన అడ్డంగా పలక బిగించడం దీనికి విరుగుడు. గేటు లోపలికి తెరుచుకోవాలి. అప్పుడు తాబేలు ఎంత నెడితే అంత గట్టిగా చౌకట్టుకు అదుముకుంటుంది. గేటు కింద సందు ఉండకూడదు, గుమ్మాన్ని కాంక్రీటుతో పోయాలి. గొళ్ళెం రెండు చోట్ల ఉంటే మేలు. ఒక్కసారి తెరిచి మరచినా చాలు, తాబేలు చూస్తుండగానే వీధిలోకి వెళ్ళిపోతుంది. నెమ్మదిగా నడిచేదనే నమ్మకం వల్లే చాలా పెంపుడు తాబేళ్ళు తప్పిపోతాయి.

అల్డబ్రా, గాలాపగోస్ తాబేళ్ళ ఆవరణల్లో పునాది లోతు కంటే గోడ బరువు, బిగింపు ముఖ్యం. పెద్ద బండలు, నేలలో దించిన దుంగలు, లావు ఇనుప గొట్టాల అడ్డకమ్మీలు జూలలో కనిపిస్తాయి. కమ్మీల మధ్య ఎడం తాబేటి తల పట్టి డిప్ప దూరలేని కొలతలో ఉంటే ప్రమాదం. అది తల పెట్టి ఇరుక్కుంటుంది.

బొరియలు

సహేల్ లో పగటి వేడి నలభై డిగ్రీలు దాటే కాలంలో సుల్కాటా నేల కింద దాగుతుంది. బొరియ అడుగున వేడి అంతగా మారదు, గాలిలో చెమ్మ నిలుస్తుంది. దానివల్ల ఒంట్లో నీరు తక్కువగా ఆవిరవుతుంది. కాబట్టి తవ్వడం దానికి అల్లరి కాదు, ప్రాణ రక్షణ. మీటర్ల కొద్దీ పొడవున సాగే సొరంగాన్ని పెరట్లో తవ్వనిస్తే రెండు ఇబ్బందులున్నాయి. వానకు మట్టి కూలి తాబేలు లోపలే కూరుకుపోవచ్చు. జబ్బు చేసిన తాబేలును బయటికి తీయడం కష్టమవుతుంది.

దీనికి మార్గం ముందే బొరియ కట్టి ఇవ్వడం. అమెరికా ఎడారి తాబేళ్ళను దత్తత ఇచ్చేటప్పుడు అరిజోనాలో పెంపకందారులకు సూచించే నమూనా ఇదే. వాలుగా కందకం తవ్వుతారు. ఇరువైపులా సిమెంటు ఇటుకలు పేరుస్తారు. పైన దళసరి పలకలు వేసి మీద మట్టి గుట్టగా పోస్తారు. సుల్కాటాకు ఇదే నమూనాను పెద్ద కొలతల్లో, మరింత బలమైన కప్పుతో కడతారు. లోపల తాబేలు వెనక్కి తిరగగలిగేంత వెడల్పు ఉండాలి. ముఖద్వారం దగ్గర మట్టిని కాస్త ఎత్తుగా ఉంచితే వాన నీరు లోపలికి పారదు. వెనక వైపు తీసి పెట్టగల మూత ఉంటే శుభ్రం చేయడం, తాబేలును పరీక్షించడం సాధ్యమవుతాయి.

ఎండ, నీడ

ఎండలోని అతినీలలోహిత కిరణాలు తాబేటి చర్మం మీద పడినప్పుడు ఒంట్లో డి విటమిన్ తయారవుతుంది. అది లేకుంటే మేతలోని కాల్షియం డిప్పకూ ఎముకలకూ అందదు. గాజు కిటికీ ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది కాబట్టి ఇంట్లో పెంచే తాబేళ్ళకు ప్రత్యేక దీపాలు పెట్టాల్సి వస్తుంది. ఆరుబయట పెంపకానికి ఉన్న అతిపెద్ద లాభం ఇది.

అదే ఎండ చంపగలదు కూడా. భారీ తాబేలు నెమ్మదిగా వేడెక్కుతుంది, అంతే నెమ్మదిగా చల్లబడుతుంది. ఒకసారి హద్దు మీరి వేడెక్కితే తొందరగా కోలుకోలేదు. అల్డబ్రాలో చెట్లు తక్కువగా ఉన్న చోట్ల మధ్యాహ్నం తాబేళ్ళు ఉన్న కొద్ది నీడలో ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి చేరతాయి. నీడకు చేరలేనివి ఎండకు చనిపోతాయి. ఆవరణలో ఎన్ని తాబేళ్ళున్నా అన్నిటికీ ఒకేసారి చాలేంత నీడ, రోజంతా ఏదో ఒక వైపు దొరికేలా ఉండాలన్నది ఇక్కడి పాఠం. రేకుల పందిరి కంటే చెట్ల నీడ మేలు. రేకు వేడెక్కి కిందికి సెగ కొడుతుంది. రాయలసీమ, తెలంగాణ మే ఎండల్లో సుల్కాటా కూడా మధ్యాహ్నం బయట నిలవలేదు.

ఎండలో వెల్లకిలా పడటం మరో ప్రమాదం. భారీ తాబేలు తనంతట తాను తిరగబడలేకపోవచ్చు. ఊపిరితిత్తులు డిప్ప పైభాగంలో ఉండటంతో వెల్లకిలా పడినప్పుడు లోపలి అవయవాల బరువు వాటి మీద పడుతుంది. నిలువు మెట్లు, పదునైన గట్లు, ఒంటరి బండలు ఆవరణలో లేకుండా చూడాలి.

రాత్రి గది

సుల్కాటా, చిరుత తాబేలు, దీవుల తాబేళ్ళు చలికాలపు సుదీర్ఘ నిద్రకు పోయే జాతులు కావు. చలి, చెమ్మ కలిస్తే వీటికి ముక్కు కారడం, ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. రాత్రి పది డిగ్రీల దగ్గరికి దిగే కాలంలో వేడి గది తప్పనిసరి. అమెరికా పెంపకందారులు సుల్కాటా గదిని రాత్రి 25 డిగ్రీల సెల్సియస్ కు పైన ఉంచడానికి చూస్తారు.

రెండు పొరల పలకల మధ్య థర్మోకోల్ వంటిది నింపి గోడలు, కప్పు, నేల కడతారు. గది మరీ పెద్దదైతే వేడి నిలవదు, తాబేలు లోపల తిరిగేంత ఉంటే చాలు. గుమ్మానికి శీతల గిడ్డంగుల్లో వేలాడదీసే దళసరి ప్లాస్టిక్ పట్టీలు కడితే తాబేలు వాటిని తోసుకుని వస్తూ పోతూ ఉంటుంది, గాలి మాత్రం ఆగుతుంది. వేడికి నూనె నింపిన రేడియేటర్లు, పందుల ఫారాల్లో వాడే వెచ్చని పరుపులు, కప్పుకు బిగించే వేడి పలకలు వాడతారు. నేరుగా పైనుంచి కొట్టే దీపం పెద్ద తాబేలుకు మంచిది కాదు. దీపానికి దగ్గరగా ఉన్న డిప్ప పైభాగం కాలుతుంది, పొట్ట మాత్రం చల్లగానే ఉంటుంది. గడ్డి పరిచిన గదిలో దీపం ఊడిపడితే నిప్పు అంటుకుంటుంది. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్, తాబేలు నెట్టకుండా హీటరు చుట్టూ ఇనుప చట్రం, డిప్పకు అందని ఎత్తులో తీగలు ఉండాలి.

నీరు, బురద

లోతు తక్కువగా, అంచు నుంచి నెమ్మదిగా దిగే వాలుతో కాంక్రీటు పళ్ళెంలా పోసిన గుంట సరిపోతుంది. తాబేలు నిలుచున్నప్పుడు నీరు గడ్డం దాకా రాకూడదు. నీళ్ళలో దిగగానే మలవిసర్జన చేసే అలవాటు ఉంది కాబట్టి అడుగున నీరు వదిలే గొట్టం పెట్టి రోజూ మార్చాలి. దీవుల తాబేళ్ళకు బురద గుంట కూడా కావాలి. బురద ఒంటిని చల్లబరుస్తుంది, కీటకాల నుంచి కాపాడుతుంది.

నేల, మేత

సుల్కాటా గడ్డి తినే జంతువు. మన పొలం గట్ల మీది గరికే అమెరికాలో బెర్ముడా గడ్డి పేరుతో పచ్చికగా పెరుగుతుంది. తొక్కిడికి తట్టుకుని మళ్ళీ చిగురించే గుణం ఉండటంతో తాబేళ్ళ ఆవరణలకు అది బాగా సరిపడింది. స్థలాన్ని రెండుగా విడదీసి ఒకదానిలో మేపుతూ మరోదానిలో గడ్డి పెరగనిస్తే మేత ఆగదు, నేలలో పరాన్నజీవులూ తగ్గుతాయి. ముళ్ళు తీసిన నాగజెముడు మట్టలు, మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకులు మంచి మేత. చెట్లను మొదట్లో రాళ్ళతో కాపాడకపోతే తాబేలు నరికినట్టే తినేస్తుంది.

ఇక ఉండకూడనివి గన్నేరు, ఉమ్మెత్త. గన్నేరు కరువును తట్టుకుంటుంది కాబట్టి అరిజోనాలోని ఫీనిక్స్ పరిసరాల్లో ఇళ్ళకు కంచెగా విరివిగా నాటారు. దాని ఆకు ఎండిపోయినా విషమే. అవతలి పెరటి గన్నేరు ఆకులు గాలికి ఎగిరి గోడ దాటి రాలతాయి. నిర్మాణం ముగిశాక మేకులు, తీగ ముక్కలు, ప్లాస్టిక్ తునకలు ఏరివేయాలి. తాబేళ్ళు మెరిసే వస్తువులను, గులకరాళ్ళను మింగుతాయి, అవి పేగుల్లో అడ్డుపడతాయి.

కలిపి ఉంచడం

ఎదిగిన రెండు మగ సుల్కాటాలను ఒకే ఆవరణలో ఉంచకూడదు. కుమ్ముకుని ఒకదాన్నొకటి వెల్లకిలా పడేస్తాయి. పక్క పక్క దొడ్లలో ఉంచినా మధ్య గోడ చూపు ఆపేలా ఉండాలి. ఒక మగదానితో ఒకే ఆడదాన్ని ఉంచితే ఆడదానికి విశ్రాంతి దొరకదు. పొదలు, దుంగలతో చూపు తెగే చాటు చోట్లు చేస్తే వేధింపు తగ్గుతుంది. వేరు వేరు జాతులను కలపడం వల్ల ఒకదానికి హాని చేయని క్రిములు మరోదానికి జబ్బు తెస్తాయి. గుడ్లు పెట్టే ఆడవాటికి ఎండ తగిలే చోట అర మీటరు లోతున గుల్ల మన్ను ఉంచాలి.

పిల్లలు

చిన్న తాబేళ్ళను పెద్దవాటి మధ్య వదలరు. పైన జాలీ మూత ఉన్న చిన్న దొడ్డి కావాలి. పగలు కొన్ని గంటలు ఎండలో, మిగతా సమయం చెమ్మగల గూట్లో ఉంచుతారు. 2003లో సుల్కాటా పిల్లల మీద వెలువడిన ఒక అధ్యయనం, డిప్ప మీది పొలుసులు గోపురాల్లా ఉబ్బడానికి మేతలోని మాంసకృత్తుల కంటే పొడి గాలి ఎక్కువ కారణమని చూపింది. ఎడారి జంతువు కాబట్టి పొడిగా ఉంచాలన్న పాత అభిప్రాయాన్ని అది మార్చింది. బొరియలో చెమ్మ ఉంటుందన్న సంగతితో ఇది సరిపోలుతుంది.

శత్రువులు, దొంగతనం, పరిశుభ్రత

పెద్ద తాబేలుకు అడవి జంతువుల కంటే పెంపుడు కుక్క ఎక్కువ ప్రమాదం. ఇంట్లో కలిసి పెరిగిన కుక్క కూడా ఒక రోజు డిప్ప అంచును, కాళ్ళను కొరుకుతుంది. కుక్కనూ తాబేలునూ విడిగా ఉంచాల్సిందే. పిల్లలకూ గుడ్లకూ కాకులు, ఎలుకలు, అమెరికా దక్షిణాన రకూన్లు, నిప్పుచీమలు ముప్పు.

దొంగతనం మరో ముప్పు. 1919లో సీషెల్స్ నుంచి కానుకగా వచ్చిన నాలుగు అల్డబ్రా తాబేళ్ళతో జాంజిబార్ సమీపంలోని చాంగూ దీవిలో మొదలైన మంద, 1990ల నాటికి దొంగతనాల వల్ల బాగా క్షీణించింది. దాంతో అక్కడ కాపలాతో కూడిన ఆవరణ కట్టారు. మామల్లపురం దగ్గరి మద్రాస్ క్రొకడైల్ బ్యాంకు నుంచి 2021 నవంబరులో ఒక అల్డబ్రా తాబేలు చోరీ అయింది. గుర్తింపు కోసం చర్మం కింద మైక్రోచిప్ పెట్టడం ఇప్పుడు సాధారణం.

తాబేళ్ళ మలంలో సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. ఈ కారణంగానే అమెరికా 1975లో నాలుగు అంగుళాల లోపు డిప్ప ఉన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించింది. ఆవరణలో పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చిన్న పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

చట్టం

అడవి నుంచి పట్టిన సుల్కాటాలను వాణిజ్యం కోసం ఎగుమతి చేయడానికి 2000 నుంచి, వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటెస్ ఒప్పందం కింద కోటా సున్నా. అదే ఏడాది అమెరికా, పశువులకు హార్ట్‌వాటర్ జబ్బు తెచ్చే గోమార్లు వస్తాయన్న భయంతో సుల్కాటా, చిరుత తాబేళ్ళ దిగుమతిని ఆపింది. అయినా అక్కడే పుట్టిన తాబేళ్ళ అమ్మకం సాగుతోంది.

భారతదేశంలో స్వదేశీ తాబేళ్ళను ఇంట్లో ఉంచడం నేరం. రాయలసీమ పొదల్లో కనిపించే నక్షత్ర తాబేలు ఇందులో ముఖ్యమైనది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది మొదటి షెడ్యూలులోకి చేరింది. 2019లో సైటెస్ మొదటి అనుబంధంలోకి మారింది. సుల్కాటా, అల్డబ్రా వంటి విదేశీ జాతులు సైటెస్ జాబితాలో ఉన్నందున, 2024 నిబంధనల ప్రకారం వాటిని పెంచేవారు కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్ ద్వారా వివరాలు నమోదు చేయించాలి.

ఆయుష్షు, బాధ్యత

పెద్ద తాబేళ్ళ ఆవరణల్లో తరచుగా కనిపించే లోపం నిర్మాణంలో కాదు, లెక్కలో ఉంటుంది. అరచేతిలో పట్టే పిల్లను కొన్నవారు పదేళ్ళలో దాన్ని ఎత్తలేరు, పెరడు చాలదు. అరిజోనా వంటి చోట్ల పెంచలేక ఇచ్చేసిన సుల్కాటాలతో సంరక్షణ కేంద్రాలు నిండుతున్నాయి. సహేల్ లో తగ్గిపోతున్న జాతి మరో ఖండంలో దిక్కులేక మిగలడం వింత పరిస్థితి. సెనెగల్ లో డాకర్ దగ్గరి నోఫ్లాయే తాబేళ్ళ గ్రామం అక్కడి సుల్కాటాల కోసం పనిచేస్తోంది. పెంపుడు తాబేళ్ళకు పుట్టిన వాటిని అడవిలో వదలడం మాత్రం దీనికి పరిష్కారం కాదు. మూలం తెలియని, జబ్బులు మోసే తాబేలు అక్కడి మందకు హాని చేస్తుంది. అందువల్ల అనుభవజ్ఞులు ఆవరణ పటం గీయడానికి ముందే కొన్ని విషయాలు తేల్చుకోమంటారు. ఎదిగిన తాబేలుకు చాలేంత నేల ఉందా, చలికాలపు కరెంటు ఖర్చు భరించగలరా, సరీసృపాలను చూసే పశువైద్యుడు దగ్గర్లో ఉన్నాడా, తమ తర్వాత దాన్ని చూసుకునే మనిషి ఎవరు. ఈ చివరి ప్రశ్నకు జవాబు దొరకని చోట తాబేలును తెచ్చుకోకపోవడమే మేలు.